టేక్ ఆన్ అంటే ఏందో తెలిసింది

నాగేశ్వరిది కొత్తగూడ. ఫ్లైఓవర్ రాకముందు నుంచీ వాళ్ల ఇల్లు అక్కడే. భర్త పోయాక బడి వ్యాన్ నడిపి పిల్లల్ని సాకింది. పెద్ద బండ్ల లైసెన్సు చేతికొచ్చాక, రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ స్టాఫ్ బస్సులకు డ్రైవర్లు కావాలంటే వెళ్లింది.

ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ సురేంద్ర పక్కన కూర్చుని ఆమె చేత బస్సు నడిపించాడు. దిగాక అన్నాడు: "వియ్ వాంట్ టు టేక్ యూ ఆన్."

ఆ మాట నాగేశ్వరి క్రికెట్ కామెంటరీలో విన్నది. ఇండియా ఆస్ట్రేలియాను టేక్ ఆన్ చేస్తుందంటే తలపడుతుందనే కదా! ఈ సారు నాతోని కొట్లాటకు దిగుతుండా? చున్నీ బిగించి, "నేను గూడ రెడీ సార్. ఇంకేం టెస్టు పెడతరో పెట్టుండ్రి. నేనేం భయపడ," అంది.

సురేంద్ర బిత్తరపోయాడు. సంగతి అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. "కొట్లాట కాదమ్మా! మిమ్మల్ని పనిలోకి తీసుకుంటాండాం. దానికీ టేక్ ఆన్ అనే అంటారు."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

యార్డులో పాత డ్రైవర్లకు మాత్రం ఆమె మీద నమ్మకం కుదరలేదు. "వ్యాన్ వేరు, బస్సు వేరు చెల్లె," అనేవాడు యాదగిరి. దగ్గరి రూట్లే ఆమెకిచ్చేవారు.

ఆషాఢంలో ఒక సాయంత్రం కుండపోత. తెల్లాపూర్ మెయిన్ రోడ్డు నీళ్లలో మునిగింది. ఆ రూటు డ్రైవరు రాలేదు. ఇళ్లకు పోవాల్సినవాళ్లు గేటు దగ్గర తడుస్తున్నారు. సురేంద్ర యార్డులోకొచ్చి, "హూ విల్ టేక్ ఆన్ తెల్లాపూర్?" అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. ఈసారి నాగేశ్వరికి ఎవరూ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ బరువు నెత్తికెత్తుకునేదెవరని అడుగుతున్నాడాయన.

"నేను తీస్కపోత సార్."

బడి వ్యాన్ తిప్పిన గల్లీలన్నీ ఆమెకు తెలుసు. నీళ్లు లేని ఎత్తు దారిన పోనిచ్చింది. ఒక మలుపులో సిమెంటు లారీ అడ్డంగా నిలిచిపోయి ఉంది. అద్దాల్లో చూస్తూ, గోడకు బెత్తెడు ఎడంతో బస్సును వెనక్కి తీసి, పక్క సందులోకి తిప్పింది. వెనక సీట్లో ఎవరో ఈల వేశారు. తెల్లాపూర్‌లో దిగేటప్పుడు బస్సంతా చప్పట్లే!

తెల్లారి సురేంద్ర ఆ రూటు ఆమెకే రాసిచ్చాడు. యాదగిరి రెండు చాయ్‌లు పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"గా మూలకు బస్సెట్ల తిప్పినవే చెల్లె? మా ఆమె గూడ బండి నేర్చుకుంటనంటుంది. జర నేర్పిస్తవా?"

"రేపు పొద్దుగాల్ల తోల్కరా అన్నా," అంది నాగేశ్వరి చాయ్ అందుకుంటూ. "నువ్వు మాత్రం పక్క సీట్ల కూసోవద్దు."