అంతర్జాలం అన్నాను, అంత్యకాలం అంది ఫోను

ఒకే ఒక్క మెసేజీతో మా భవానీపురం చర్చిలో సగం మందిని పరలోకానికి సిద్ధం చేసిన ఘనత నాది. ఎలాగంటారా, చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పుడు డిగ్రీ రెండో ఏడు. నలుగురిలో నోరు విప్పాలంటే పన్ను పీకించుకున్నంత భయం నాకు. అందుకే, చదివిన పుస్తకాల గురించి రాసుకోవడానికి పేరు చెప్పకుండా నెట్‌లో ఒక పేజీ పెట్టుకున్నాను. అది నాన్న కంటపడింది. ఫోను లాక్కోబోతుంటే పాస్టరమ్మగారు అడ్డుపడి, నెట్ పిల్లల్ని బాగుచేస్తుందా చెడగొడుతుందా అని యూత్ మీటింగులో చర్చ పెట్టారు.

"బాగుచేస్తుందని నువ్వే మాట్లాడమ్మా. మీ నాన్నగారు వింటారు. ఫోను సంగతి ఆ తర్వాత తేలుద్దాం," అన్నారు. చర్చి గ్రూపులో కబురు పెట్టే పనీ నాకే తగిలించారు.

నెట్ అని రాస్తే సరిపోయేది. పుస్తకాలు చదివిన పిల్లను కదా, నాకు ఆనుతుందా? నోటితో చెబితే ఫోనే టైపు చేస్తుందని, ఇంట్లోవాళ్లు వినకుండా "అంతర్జాలం" అని గుసగుసలాడాను. దానికేం వినబడిందో మరి. నేను చూసుకోకుండా పంపిన మెసేజీ ఇది: "ఆదివారం సాయంత్రం అంత్యకాలం గురించి చర్చ. అందరూ సిద్ధపడి రండి."

ఆదివారం హాలు క్రిస్మస్ ఆరాధనలా కిటకిటలాడింది. యువత ఒక బల్ల, మిగతా అంతా తెల్లచీరలూ బైబిళ్లూ. నాన్న మేనత్త మరియమ్మ నానమ్మ కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చేసింది. పెళ్లి భోజనంలో తనకు కూరలో ముక్కలు తక్కువ వేసిందని ఏళ్ల తరబడి తను మాట్లాడని చెల్లెలి చెయ్యి పట్టుకుని, క్షమించమని ఏడ్చేసింది. నాకేమీ అర్థం కాలేదు. మైకు పట్టుకున్నాను.

"దీనివల్ల నాలాంటివాళ్లకు గొంతు వస్తుంది."

"గొంతేంటే? లోకాంతానికి మోగేది బూర కదా," అంది నానమ్మ.

"నానమ్మా, నేను చెప్పేది నెట్ గురించి. ఫోనులో నెట్."

"అయితే లోకం అంతం కావట్లేదా?"

"లేదు నానమ్మా."

ఆవిడ చెల్లెలి చెయ్యి వదిలేసింది. "మరి నాచేత క్షమాపణ ఊరికే చెప్పించావు గదే. ఇది ముక్కలు వేసింది తక్కువే."

నాన్న అక్కడే తీర్పు చెప్పేశారు. "నెట్ పిల్లల్ని ఏం చేస్తుందో గానీ, నీ చేతిలో ఉంటే ముసలాళ్లకు ప్రమాదం."

పరీక్షలయ్యేదాకా ఫోను బీరువాలోకి పోయింది. ఆ రోజే డైరీలో ప్రమాణం చేశాను: లోకాంతం దాకా నెట్‌ను నెట్ అనే అంటాను. ఫోను మీద నమ్మకం లేక, చేత్తోనే రాసి, రెండుసార్లు చదువుకున్నాను.