ఆరో పేజీ చదవని పరిశీలకుడు

2022, వానాకాలం చివరి రోజులు. సూరత్‌ గోడాదరాలో నా దుకాణమంటే పదడుగుల గది, ఒక టేబుల్, ఒక సోల్డరింగ్ ఐరన్, గోడ పొడవునా చెడిపోయిన బోర్డులు. మరమగ్గాలకూ ఎంబ్రాయిడరీ మిషన్లకూ లోపల ఉండే ఎలక్ట్రానిక్ బోర్డులను బాగుచేయడం నా వృత్తి. మా నాయన మగ్గం నడపడానికి సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చాడు. నేను మగ్గం జోలికి పోలేదు, మగ్గం బోర్డు పట్టుకున్నాను. ఇరవై ఏళ్లయింది. వెంకటేశం ముట్టుకుంటే బోర్డు లేచి కూర్చుంటుందని ఈ గల్లీల్లో ఒక మాట ఉంది. ఆ మాట విని విని నెత్తికెక్కించుకున్న మనిషి ఏం చేశాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజు సదానందం ఒక ఫైలు పట్టుకుని వచ్చాడు. మేమిద్దరం ఒకే బడిలో చదివాం, ఒకే వీడియో గేమ్ పార్లర్లో బడి ఎగ్గొట్టాం. వాడిప్పుడు కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు వేస్తాడు. దాన్ని ఇక్కడ పంచింగ్ అంటారు.

"పత్రిక పెడ్తున్న," అన్నాడు కూర్చోకముందే.

"ఏం పత్రిక? కుల సంఘందా?"

"వీడియో గేములది. మనం టోకెన్ ఏసి నిలవడి ఆడినం గద, గవ్వి. పేరు గూడ టోకెనే."

"నీకేమన్న పిచ్చి లేసిందారా? పోరగాండ్లు ఫోన్ల ఆడుకుంటుండ్రు. మనసొంటోళ్లు మోకాళ్ల నొప్పికి మందు ఎతుక్కుంటుండ్రు. ఎవడు చదువుతడు?"

"నువ్వు చదువుతవ్," అన్నాడు సదానందం.

పదహారు పేజీలు, చిన్న సైజు. చీరల డబ్బాల మీది లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులోనే, లేబుళ్ల మధ్య ఖాళీ దొరికినప్పుడు వేసిపెడతామన్నారట. వ్యాసాలన్నీ వాడే రాశాడు. పాత మిషన్ల గురించి, ఎమ్యులేషన్ గురించి. ఎమ్యులేషన్ అంటే ఇప్పటి కంప్యూటర్ పాత మిషన్‌లా నటించడం. అందుకు ఆట ఉన్న చిప్పును ఒక రీడర్లో పెట్టి, లోపలున్నదంతా ఫైలుగా తీసుకోవాలి. దాన్ని డంప్ తీయడం అంటారు. ఒకసారి డంప్ చేతికొస్తే మిషన్ తుక్కు బండి ఎక్కినా ఆట బతికే ఉంటుంది.

నన్ను వాడు పిలిచింది వ్యాసాల్లో సాంకేతికంగా తప్పులుంటే చూడమని. చివరి పేజీలో 'సాంకేతిక పరిశీలన: వెంకటేశం' అని వేస్తానన్నాడు. పైకి విసుక్కున్నాను గానీ లోపల ఉబ్బిపోయాను. అచ్చులో నా పేరు అప్పటిదాకా రసీదు బుక్కు మీద తప్ప ఎక్కడా లేదు.

ప్రతి పేజీ పైన 'చూసి పంపు' అని రాసున్న ఆ కాగితాలను టేబుల్ మీది ట్రే కింద పెట్టాను. దీపావళి ముందు సూరత్‌లో మగ్గాలకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, నాకూ ఉండదు. వారం తర్వాత సదానందం వచ్చి అడిగాడు. "జర చూసినవా?"

"చూసిన," అన్నాను. వాడి ముందే ఒక్కో పేజీ మార్జిన్‌లో 'బరాబర్ ఉంది' అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. సంతకాలున్న ఆ పేజీలకే జిరాక్స్ తీయించి ఒక నకలు నాకిచ్చాడు, అదీ ట్రే కిందికే పోయింది. ఒక్క అక్షరం చదవలేదు. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు. నాకు తెలియనిది వీడేం రాసుంటాడులే అనుకున్నాను.

ఇక లచ్చన్న సంగతి. చిన్నప్పుడు ఒక పార్లర్లో తాను 'నాడె ఆట' ఆడానని సదానందం ఎప్పుడూ చెప్పేవాడు. విమానాల ఆటలో విమానం బదులు నాడె, అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే ఆ కోసుగా ఉండే పనిముట్టు, తెర మీద ఎగురుతుందట. మొదట్లో తెలుగులో 'ఆడుండ్రి' అని అక్షరాలు పడతాయట. మేమెవరం నమ్మలేదు. నేనైతే వాడికి జ్వరంలో కనిపించి ఉంటుందని పదేళ్లు ఏడిపించాను. పత్రిక పనిలో పడి అడుగుతూ అడుగుతూ వాడు ఆ ఆట చేసిన మనిషినే పట్టుకున్నాడు.

ఇద్దరం నగరంలో ఇంకో మూల ఉన్న బమ్రోలి వెళ్లాం. లచ్చన్నకు అరవై దాటాయి. కళ్లు మందగించాక మగ్గం వదిలేసి చీరలు మడతపెట్టే పనిలో చేరాడు. కుర్రతనంలో పార్లర్ మిషన్లకు మెకానిక్‌గా ఉన్నాడు.

"మనోళ్లంత ఆడుడే గని, ఆటల మనది ఒక్క అక్షరం లేకపాయె," అన్నాడు. "చీర అంచుల పేరు నేసెటప్పుడు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతం గద. బొమ్మల చిప్పు గూడ గంతే, గడులే. విమానం తీసి నాడె పెట్టిన. అక్షరాలకే నాల్గు నెలలు పట్టింది తమ్మీ."

"గ్రాఫ్ కాగితాలు ఉన్నయా అన్నా?" అన్నాడు సదానందం.

"వరదల పోయినయ్. గీ బోర్డు ఒక్కటే అటక మీదుండె, బతికింది."

చీర డబ్బాలోంచి బోర్డు తీసి, కట్టిన గుడ్డ విప్పి నా చేతిలో పెట్టాడు. నూనె, దుమ్ము, కొన్ని కాళ్లకు నల్లటి తుప్పు. నాలుగు చిప్పుల మీద మాసిన స్టిక్కర్లు, వాటి మీద ఆయన చేతిరాతతో అంకెలు.

"ఇంట్ల ఎవ్వలు నమ్మరు," అన్నాడు. "తాతకు గ్రీజు డబ్బ తప్ప ఏం తెల్సంటరు. ఒక్కసారి తెర మీద సూపెట్టుండ్రి, సాలు. జర పైలం."

"బోర్డులతోనె బతుకుతున్నమన్నా, గంత తెల్వదా," అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు సదానందం దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ముఖచిత్రం మీద నాడె ఆట. కిందొక క్యూఆర్ కోడ్. ఎవరైనా ఫోన్ పెడితే ఆట కదలడం కనబడాలి. సూరత్‌లో ఒక మగ్గం మనిషి గడులు నింపి చేసిన ఆట లోకం చూడాలి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మగ్గం బోర్డు రాగానే ముందు కడగాలి. దూది, నూనె కలిసి బోర్డు మీద రొట్టెలా పేరుకుంటాయి. ఆ మురికితో కరెంటు ఇస్తే ఉన్నది కూడా కాలిపోతుంది. కడుగు, ఎండబెట్టు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. ఇరవై ఏళ్లలో ఈ పద్ధతి నన్ను ఒక్కసారీ మోసం చేయలేదు. లచ్చన్న బోర్డునూ అలాగే కడిగాను. స్టిక్కర్ల అంచులు లేచి, జిగురు కారి, దుమ్మంతా వాటి చుట్టే పట్టి ఉంది. థిన్నర్ గుడ్డతో నాలుగూ లాగేశాను. వాటి కింద ప్రతి చిప్పు నెత్తినా గుండ్రటి గాజు కిటికీ కనబడింది. ముచ్చటగా ఉందనుకున్నాను కూడా. ఈప్రామ్ అనే ఆ రకం చిప్పు గురించి పని నేర్చుకునే రోజుల్లో ఎప్పుడో విన్నాను. నేను దుకాణం తెరిచేనాటికి అది మగ్గం బోర్డుల్లోంచి పోయింది.

దీపావళికి ఇక్కడ మిల్లులకు తాళాలు పడతాయి. గల్లీలు బోసిపోతాయి. నేనూ పన్నెండు రోజులు దుకాణం మూసి అత్తగారింటికి వెళ్లాను. వెళ్లేముందు బోర్డు బాగా ఆరాలని దుకాణం మీది గదిలో, దక్షిణపు కిటికీ ఊచల మధ్య, చిప్పులు పైకి ఉండేలా నిలబెట్టాను. అద్దాల్లేని కిటికీ. ఎండ పొద్దంతా సూటిగా పడుతుంది. ఎంత జాగ్రత్తగా పెట్టానంటే, గాలికి పడకుండా దారంతో కట్టాను కూడా.

తిరిగొచ్చి కరెంటు ఇచ్చాను. తెర మీద గీతలు తప్ప ఏమీ లేదు. చిప్పులు ఊడదీసి ఒక్కోటీ రీడర్లో పెట్టాను. కంప్యూటర్లో మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. దుకాణంలో కొన్న కొత్త ఖాళీ చిప్పు పెడితే అలా కనబడుతుంది. నాలుగూ అంతే.

ట్రే కింది కాగితాలు అప్పుడు గుర్తొచ్చాయి. వెతికితే ఆరో పేజీలో ఉంది: 'ఈప్రామ్ చిప్పుకు పైన గాజు కిటికీ ఉంటుంది. దాని మీది స్టిక్కర్ తీయకండి. రోజుల తరబడి ఎండ తగిలితే లోపలిదంతా చెరిగిపోతుంది. పాత బోర్డు చేతికొస్తే తుడవక ముందే డంప్ తీయండి.' పక్కన మార్జిన్‌లో 'బరాబర్ ఉంది', కింద నా సంతకం.

అసలు విమానాల ఆట కావాలంటే ఇప్పటికీ దొరుకుతుంది, లోకంలో ఎవరో ఎప్పుడో డంప్ తీసి పెట్టారు. నాడె మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం సదానందం వచ్చాడు. చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "చిప్పులు ముసలియైనయ్‌రా. పాణం లేదు."

వాడు స్టూల్ మీద కూలబడ్డాడు. "నీకే కాలేదంటే ఇగ ఎవ్వనికీ కాదు," అన్నాడు. ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

అయినా వాడు పత్రిక ఆపలేదు. ముఖచిత్రం మార్చి, 'మనం ఆలస్యంగా చేరుకున్న ఆట' అని లచ్చన్న మీద వ్యాసం రాశాడు. చిప్పులు కాలం తీరి చెడిపోయాయని, వెంకటేశం ఎంతో ప్రయత్నించాడని రాసి, చివర నాకు కృతజ్ఞతలు చెప్పాడు. మొదటి సంచిక, బోర్డు పట్టుకుని మళ్లీ బమ్రోలి వెళ్లాం. నేను రానంటే అనుమానం వస్తుందని వెళ్లాను.

సదానందం వ్యాసం చదివి వినిపించాడు. లచ్చన్న బోర్డు ఒళ్లో పెట్టుకుని విన్నాడు. కళ్లకు సరిగా ఆనదు కాబట్టి బొటనవేలితో చిప్పులు తడుముతున్నాడు. వేలు గాజు మీద ఆగింది.

"స్టిక్కర్లేవి?"

"పాతగయినయ్ గదన్నా, కడిగినప్పుడు ఊడినయ్."

"ఎండల పెట్టినవా తమ్మీ?"

సదానందం నా వైపు తిరిగాడు. ఆరో పేజీ రాసింది వాడే, వాడికి ఇంకేం చెప్పక్కర్లేదు.

"తప్పు ఎవలైన చేస్తరు," అన్నాడు లచ్చన్న. గొంతు పెంచలేదు. "నేను గూడ మస్తు చిప్పులు కాలవెట్టిన. గని ముసలిదై సచ్చిందని ఎందుకు రాపిచ్చినవ్? నా పని కచ్చ, గట్టిది గాదన్నట్టు. నేను కచ్చగ చెయ్యలే. నువ్వు ముట్టకుంటె గది ఇంక ఉండేది."

"మళ్ల గీసియ్యన్నా. నేను కొత్త చిప్పులల్ల ఎక్కిస్త," అన్నాను.

"గప్పుడు కండ్లుండె," అన్నాడు. "గిప్పుడు గడి కనవడదు."

బోర్డును గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాడు. పత్రిక మాత్రం సదానందం చేతికే తిరిగి ఇచ్చేశాడు.

వచ్చేటప్పుడు బండి సదానందం నడిపాడు. గోడాదరా మలుపు దగ్గర ఆపి అడిగాడు. "ఆరో పేజీ చదవలేదా నువ్వు?"

"చదవలే. నాకు తెల్వనిది నువ్వేం రాస్తవనుకున్న."

"దిగు," అన్నాడు.

నెల తర్వాత ప్రెస్సు మనిషి ఒక కవరు ఇచ్చి వెళ్లాడు. లోపల రెండో సంచిక మొదటి పేజీ నకలు. పైన సదానందం చేతిరాతలో, మునుపు ప్రతి పేజీకి రాసినట్టే, 'చూసి పంపు'. కింద మూడు వాక్యాలు: 'లచ్చన్న ఆట చిప్పులు కాలం తీరి చెడిపోయాయని గత సంచికలో రాశాం. అది అబద్ధం. స్టిక్కర్లు తీసి, ఎండలో పెట్టి వాటిని చెరిపేసింది మా సాంకేతిక పరిశీలకుడు వెంకటేశం. లచ్చన్న పనిలో ఏ లోపమూ లేదు.'

ఒళ్లు మండింది. ఆ ప్రెస్సు మా గల్లీ చివరే. మగ్గాల సేట్లు లేబుళ్ల కోసం వచ్చిపోయే చోటు. ఇరవై ఏళ్ల పేరు పదహారు పేజీల పిచ్చి పత్రికకు బలి కావాలా అనుకున్నాను. నా పేరు కొట్టేద్దామని పెన్ను దాని మీద పెట్టాను. కొట్టేస్తే వాడు కొట్టేసినట్టే వేస్తాడు, నాకు తెలుసు. వాడు నన్ను అడుగుతున్నది కూడా అదే, కొట్టేస్తావా, ఉంచుతావా అని.

ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే, ఏ బోర్డు వచ్చినా ముందు చదివి భద్రం చేసుకోండి, తర్వాతే గుడ్డ పట్టుకోండి. ఇది నేర్చుకోవడానికి అనుభవం అక్కర్లేదు, ఆరో పేజీ చదివితే చాలు. నేను నేర్చుకున్నది వేరే. మనం చెడగొట్టిన వస్తువును పాతదని చెబితే, దాన్ని చేసినవాడి చేతిని అవమానించినట్టు. ఇప్పుడు నేను పాడుచేస్తే పాడుచేశానని చెబుతున్నాను. ఇద్దరు సేట్లు అందుకే వేరే దుకాణం చూసుకున్నారు. లచ్చన్నకు రెండో సంచిక పంపించాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. 'టోకెన్' ఇంకా వస్తోందని విన్నాను, చివరి పేజీలో పరిశీలకుడి పేరు ఉండదట.

ఆ రోజు మాత్రం ఆ మూడు వాక్యాలనూ అక్షరం అక్షరం చదివాను. మార్జిన్‌లో 'బరాబర్ ఉంది' అని రాసి, సంతకం పెట్టి పంపించాను.