అట్టడుగు పొర గవ్వ

సముద్రతీరపు తవ్వకాల్లో దొరికే పెసరగింజంత గవ్వలకు కార్బన్ పరీక్షతో వయసు కట్టడం మా పని. అందుకు గవ్వను యాసిడ్‌లో కరిగించక తప్పదు. మా ల్యాబులో సీనియర్ అయిన మరిపెడ అక్క, యాసిడ్ పోసే ముందు ప్రతిసారీ గవ్వ మీదికి వంగి, "జర మాఫ్ చెయ్యమ్మా" అనేది. మేం నవ్వుకునేవాళ్లం.

"గిన్నేండ్లు సముద్రం గూడ దీన్ని పలగ్గొట్టలే, తమ్మీ. ఒక్క అంకె కోసం మనం లేకుండ చేస్తున్నం," అందోసారి.

ఒక తవ్వకంలో అట్టడుగు పొర నుంచి ఒకే ఒక్క గవ్వ వచ్చింది. దాన్ని కరిగించడానికి చేతులు రాక అక్క ఒక సీసాలో వేసి పక్కన పెట్టింది. ఆమె ఊరెళ్లినప్పుడు, ఆ వయసేదో నేనే ముందు చెప్పాలని కరిగించేశాను.

తిరిగొచ్చిన అక్క ఖాళీ సీసా చూసి, "మాఫ్ అడిగినవా?" అంది. లేదన్నాను. ఆమె సీసా మీదికి వంగింది.

"జర మాఫ్ చెయ్యమ్మా. పిలగాడు తెల్వక చేసిండు."

తెలిసే చేశాను.