కాలరు పట్టుకున్నవాడికి నమస్కారం

మా నాన్న కాలరు ఒకడి గుప్పిట్లో ఉండగా, ఆ ఒకడికే వంగి నమస్కారం పెట్టిన కూతుర్ని నేను. విజయవాడ మొత్తంలో ఇంతకన్నా పరువు తక్కువ పని ఎవరైనా చేసుంటే చెప్పండి, వెతుక్కుంటూ వెళ్ళి దండ వేసి వస్తాను. మా కరాటే క్లాసులో పిల్లల్ని చేర్పించడానికి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ "ఈ పాయింట్ల ఆట నిజం గొడవలో పనికొస్తుందాండీ?" అని అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది ఇందుకే. అడిగి ఊరుకోరు కూడా, జవాబు కోసం నా మొహంలోకి చూస్తారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. రాష్ట్ర స్థాయి పోటీల్లో మెడల్ వచ్చి నెల కూడా కాలేదు, అప్పటికే నడక మారిపోయింది. ఆటోనగర్‌లో నాన్నకు లారీ స్పేర్‌పార్టుల షాపుంది. దాని పైన గోడౌను ఖాళీ అయింది. అందులో ఆడపిల్లలకు కరాటే క్లాసు పెట్టాలని నా ఆశ, టార్పాలిన్ల వ్యాపారికి అద్దెకివ్వాలని నాన్న ఆలోచన. అది పోతే ఊళ్ళో నాకు ఇంకో చోటు దొరకదు, దొరికినా అద్దె కట్టలేను. అందుకని రోజూ వెంటపడి ఆయన ప్రాణం తీశాను.

చివరికి నాన్న ఒకే ప్రశ్న వేశారు. "రోడ్డు మీద ఎవడన్నా చెయ్యేస్తే ఇది పనికొస్తుందా అమ్మా?"

"వాడు రెండో చెయ్యి ఎత్తేలోపు పడుకోబెడతాను నాన్నా" అన్నాను. ఆ నోరు చూశారా.

మా పోటీల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అందులో ఎదుటివాళ్ళను గట్టిగా కొట్టకూడదు. గుద్దు ఒంటి మీద ఆనీ ఆనకుండా ఆగాలి. ఆగగానే అరిచి, వెనక్కి గెంతి, రెఫరీ పాయింట్ ఇచ్చేదాకా కదలకుండా నిలబడాలి. చిన్నప్పటి నుంచీ నేను చేసింది అదే. మనిషిని కొట్టకుండా ఉండటంలో నన్ను మించినవాళ్ళు లేరని మెడల్ ఇచ్చి మరీ చెప్పారన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం ఒక లారీ ఓనరు షాపుకొచ్చాడు. కొన్న క్లచ్ ప్లేటు అప్పుడే అరిగిపోయిందని, మార్చి ఇవ్వమని గొడవ. వాడిన సరుకు వెనక్కి తీసుకోనని నాన్న. మాటా మాటా పెరిగి అతను నాన్న కాలరు పట్టుకున్నాడు. నేను కౌంటరు మీంచి దూకాను. ఆ దూకడం వరకూ బాగుందని చూసినవాళ్ళు ఇప్పటికీ అంటారు. నా పిడికిలి అతని దవడ దగ్గరకు వెళ్ళి వెంట్రుకవాసిలో ఆగింది. అచ్చమైన పాయింట్. షట్టరు అదిరేలా అరిచి, వెనక్కి గెంతి, అలవాటుగా కుడివైపు మూలకు చూశాను. అక్కడ రెఫరీ లేడు. టైర్లున్నాయి.

నేనింకా టైర్ల తీర్పు కోసం ఎదురుచూస్తుండగానే అతను ఖాళీ చేత్తో నన్నొక్క తోపు తోశాడు. వెళ్ళి పక్క మెకానిక్ పెట్టుకున్న కాలిన ఆయిలు తొట్టిలో కూర్చున్నాను. సరే, పడ్డాను. లేచి మీద పడాలా వద్దా? పోటీలో పడితే ఏం చేస్తామో అదే చేశాను. లేచి, చున్నీ సర్ది నడుముకు బిగించి, మొదట నిలబడిన చోటికే వచ్చి, అతనికి వంగి నమస్కరించి, మళ్ళీ మొదలుపెట్టమని ఎవరైనా చెబుతారేమోనని నిలబడ్డాను. మోచేతుల నుంచి ఆయిలు కారుతోంది.

లారీ ఓనరు నన్ను చూశాడు. కాలరు వదలకుండానే గొంతు తగ్గించి నాన్నను అడిగాడు.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"మా అమ్మాయేనండీ. రాష్ట్ర స్థాయిలో మెడల్ వచ్చింది."

అతను కాలరు వదిలేశాడు. నలిగిన చోట తనే చేత్తో సరిచేశాడు. "ఒకసారి గుణదల కొండకి తీసుకెళ్ళి మేరీమాతకి మొక్కుకోండి, తగ్గుద్ది" అని చెప్పి, క్లచ్ ప్లేటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను మాత్రం గెలిచాననే అనుకున్నాను. జాలికీ భయానికీ తేడా తెలియని తెలివి నాది. నాన్న టార్పాలిన్ల వ్యాపారికి ఫోన్ చేసి పొద్దున్నే వచ్చి గోడౌను చూసుకోమన్నారు. కిరోసిన్‌తో చేతులు తోముకుంటూ ఏడ్చాను. ఏడుపు ఓడినందుకు కాదు, గోడౌను పోయినందుకు.

పొద్దున వ్యాపారి కన్నా ముందు లారీ ఓనరు దిగాడు. మళ్ళీ గొడవకే అనుకుని నాన్న కాలరు మీద చెయ్యేసుకున్నారు. అతను నేరుగా నా దగ్గరకొచ్చాడు.

"మా అమ్మాయికి నేర్పుతారాండీ? బళ్ళో కనపడినవాళ్ళనల్లా కొట్టి వస్తోంది, టీచర్లకి సమాధానం చెప్పుకోలేక చస్తున్నాను. ఎంత కోపమొచ్చినా ఎదుటి మనిషికి దెబ్బ తగలకుండా ఎలా ఆగాలో మీ దగ్గరైతే బాగా వస్తుంది."

నాన్న వ్యాపారస్తుడు. గుమ్మంలోకి వచ్చిన కస్టమరును పోనివ్వడం ఆయన వల్ల కాదు. గోడౌను తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆత్మరక్షణ నేర్పుతానని పెట్టిన క్లాసుకు, పిల్లల చేత కొట్లాటలు మాన్పిస్తుందని పేరొచ్చింది. ఇంతకన్నా మంట పుట్టించే పొగడ్త ఉంటుందా?

అందుకే బ్లాక్ బెల్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై మా ఇంట్లోవాళ్ళ కాలరు ఎవడు పట్టుకున్నా ముందు కొడతాను, మర్యాదలు తర్వాత చూసుకుంటాను. పట్టుకున్నవాడు నాకు ఫీజు కట్టే తండ్రి కాకుండా ఉంటే చాలు.