ఫోన్‌కి అమ్మ పెట్టిన బొట్టు

కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే, కుంకుమ బొట్టు పెట్టందే మా అమ్మ దాన్ని ముట్టుకోనివ్వదు. ఫ్రిజ్జుకు పెట్టింది, నా ఆటోకు పెట్టింది. నేను పుట్టినప్పుడు మాత్రం మరిచిపోయి ఉంటుంది; అందుకే ఏడో తరగతిలోనే ఆగిపోయాను.

పోయినేడు కొత్త ఫోన్ కొని, రెండేళ్ల ఇన్సూరెన్స్ కూడా కట్టాను. సిమ్ వేద్దామని ఫోన్ పక్కనున్న చిన్న అర బయటికి లాగి పెట్టాను. ఆ లోపే అమ్మ బొట్టు పెట్టేసింది. అర తీసిన సందులో కుంకుమ రాలింది. ఉఫ్ అని ఊదేసి, సిమ్ వేసి మరిచిపోయాను.

ఈ మధ్య స్క్రీన్ నల్లబడింది. రాజమండ్రి సర్వీస్ సెంటర్లో ఇచ్చి రామచంద్రపురం వచ్చేశాను. నాలుగు రోజులకు మా ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: లోపలికి నీళ్లు వెళ్లాయి, ఇన్సూరెన్స్ వర్తించదు.

మా ఆవిడ అమ్మ వైపు చూసింది. "అత్తయ్యగారూ, తడిగుడ్డతో గానీ తుడిచారా ఏంటండీ?"

అమ్మ మర్నాటి నుంచి టీవీ మీద దుమ్ము కూడా దులపలేదు. "నా చేయి పడితే ఏదో ఒకటి పాడవుతుందిలేరా" అంది. స్క్రీన్ పోతే పోయింది గానీ, ఆ మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆటో రాజమండ్రి వైపు తిప్పాను.

సర్వీస్ సెంటర్ ఆయన భూతద్దం చేతికిచ్చి, సిమ్ అర లోపల చిన్న స్టిక్కరు చూపించాడు. "ఇది తెల్లగా ఉండాలండి. తడి తగిలితే ఎర్రబడుతుంది. చూడండి, ఎంత ఎర్రగా ఉందో!"

చూశాను. ఆ ఎరుపు నాకు పుట్టినప్పటి నుంచి పరిచయం.

"కాస్త పొడి దూదితో తుడుస్తారాండీ?"

"తుడిస్తే పోదండీ అది."

"పోకపోతే నేనే పోతానండీ. తుడవండి."

పుల్లకు దూది చుట్టి తుడిచాడు. ఎరుపంతా దూదికొచ్చేసింది. అడుగున స్టిక్కరు మల్లెపూవులా ఉంది. ఆయన దూది వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"ఇదేంటండీ?"

"కుంకుమండీ. మా అమ్మ చేసిన ఇన్సూరెన్స్. మీ దానికంటే ముందు నుంచీ మా ఇంట్లో ఉన్నదే."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు మళ్లీ పంపాడు. వారం తిరక్కుండా కొత్త స్క్రీన్ వేసిచ్చారు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. "తడిపింది నువ్వు కాదమ్మా. ఎర్రగా చేసింది మాత్రం నువ్వే!"

మా ఆవిడ లోపలికెళ్లి, కుంకుమ భరిణ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. అమ్మ వేలు కుంకుమలో అద్ది, ఫోన్ దగ్గరికి తెచ్చి ఆగింది.

"ఒరేయ్, సందులన్నీ మూశావా?"