అత్తయ్యగారి కోసం కాచిన నెయ్యి

నాకు నిద్ర సరిగా పట్టడం లేదనీ, చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాననీ కనిపెట్టి, మొన్న మా కోడలు మందుల షాపు నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అన్నీ మూలికలేనట, జ్ఞాపకశక్తికీ నిద్రకీ రెండింటికీ ఒకటే బిళ్లట. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, డబ్బా మీద బ్రాహ్మి అని పేరు రాసి సరస్వతి ఆకు బొమ్మ వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. గుండ్రంగా, గిట్ట ఆకారంలో ఉండే సరస్వతి ఆకు వేరు, చిన్న చిన్న దళసరి ఆకులతో నీటి వార పాకే బ్రాహ్మి వేరు అని తెలుసుకోవడానికి మా మావయ్యగారూ నేనూ కొలకలూరు కాలువ గట్లన్నీ కొలిచినంత పని చేశాం, ఆ బొమ్మ వేసినవాడికేం తెలుసు! కోపం చల్లారాక మాత్రం ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

నేను రేపల్లెకు కోడలిగా వచ్చింది అరవైల నడిమిలో. బాపట్లలో సైన్సు చదువుకున్న పిల్లనని మా వాళ్లు గొప్పగా చెప్పి పంపారు గానీ, ఆ చదువుతో నాకు పని పడుతుందని ఎవరూ అనుకోలేదు, ఒక్క మావయ్యగారు తప్ప. ఆయన ఆయుర్వేద వైద్యులు. నువ్వుల నూనెలో జటామాంసి వేసి ఆయన కాచిన నిద్ర తైలానికి తెనాలిలోనూ బాపట్లలోనూ మంచి పేరుండేది. రాత్రంతా సముద్రం మీద వేట చేసి వచ్చి, పగలు కన్ను మూతపడక బాధపడే అడవులదీవి మనుషులు కూడా ఆ తైలం కోసం నడిచి వచ్చేవాళ్లు. నేను వచ్చిన కొత్తలోనే ఆయన నన్ను మందులు నూరే కల్వం ముందు కూర్చోబెట్టి, అమ్మాయ్, నీ పుస్తకాల్లో ఈ మొక్కని ఏమంటారు అని అడగడం మొదలుపెట్టారు. మామాకోడళ్లు అలా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం చూసి వీధిలో కొందరు ముక్కున వేలేసుకున్నారు కూడా. అత్తయ్యగారు మాత్రం మా ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చి నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు.

ఆ అత్తయ్యగారికే మరుపు వచ్చింది. డెబ్బైల దశకం వచ్చాక అనుకుంటాను, పులుసులో ఉప్పు రెండుసార్లు వెయ్యడంతో మొదలైంది. ఇప్పట్లా దానికో పేరూ పరీక్షలూ లేవు, చాదస్తం అన్నాం, మావయ్యగారితో సహా అందరం వేళాకోళం చేశాం. ఒకరోజు ఆవిడ రెండు చీరలు మూట కట్టుకుని స్టేషనుకు వెళ్లి కూర్చున్నారు. తెనాలిలో రైలు మారి చుండూరు వెళ్లాలట, వాళ్లమ్మ అన్నం తినకుండా ఎదురుచూస్తోందట. ఆవిడ తల్లి పోయి అప్పటికే ఎన్నో ఏళ్లు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చిన మావయ్యగారు ఆ తరువాత మళ్లీ వేళాకోళం చెయ్యలేదు.

మర్నాడే పెరట్లో వేరే పొయ్యి వేశారు. బ్రాహ్మి రసం, వస, విష్ణుక్రాంత కలిపి ఆవునెయ్యితో కాచడం, ఒత్తి ముంచి వెలిగించి, చిటపటలాడకుండా మండితేనే నీరు ఇగిరిందని దించడం, అది నా పని. ముందు ఆయన తిని చూసుకుని గానీ ఆవిడకు పెట్టేవారు కాదు. ఎంత కాచినా ఒక పట్టాన కుదిరేది కాదు. నిద్రకు మందు ఎక్కువైతే ఆవిడ పగలంతా మందకొడిగా ఉండి పిలిస్తే పలికేవారు కాదు, దాన్ని తగ్గించి తెలివికి ఇస్తే నిద్ర లేక వీధి తలుపు గడియ వెతుక్కునేవారు. ఈ రెండింటికీ మధ్య తూకం కోసం ఆయన పడిన అవస్థ నేను చెప్పలేను. "నాకేమో మరిచిపోయినవన్నీ గుర్తొస్తున్నాయి అమ్మాయ్, మీ అత్తయ్యకి ఉన్నవి పోతున్నాయి. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారే, నేను పెరటిచెట్టునైపోయాను" అని నవ్వబోయి, నవ్వలేక లేచి వెళ్లిపోయారు ఒకసారి.

మందు పనిచేస్తోందో లేదో చూడటానికి పొద్దున్నే ఆవిడ్ని ప్రశ్నలు అడిగేవారు. నిన్న కూరేంటి, మీ అన్నదమ్ముల పేర్లేంటి, ఇవాళ ఏ వారం, ఇలాంటివి. అడగనిది ఒక్కటే, తన పేరు. మా తరంవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, పెళ్లాం నోట మొగుడి పేరు రాకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డంపడి పేరు చెప్పమంటే అత్తయ్యగారు ఏడుపు మొహం పెట్టారట గానీ నోరు విప్పలేదట. నీచేత ఎప్పటికైనా నా పేరు చెప్పిస్తాను చూడు అని మావయ్యగారు ఆవిడ్ని జీవితమంతా ఏడిపించారు. అలాంటిది ఇప్పుడు పరీక్ష పేరుతో ఆ మాట అడగడానికి ఆయనకు మనసొప్పలేదు, అడగమనడం నాకు తోచలేదు. ఆయన వస్తే లేచి నిలబడుతున్నారు, పైట సర్దుకుంటున్నారు, వడ్డించేటప్పుడు మొదటి ముద్ద ఆయనకే, ఇంకేం కావాలి, తనవాళ్లు తెలుస్తూనే ఉన్నారని ధైర్యం చెప్పుకున్నాం.

ఒక చలికాలం ఆవిడ నిజంగానే తేరుకున్నారు. తమ్ముళ్ల పేర్లు వరసగా చెప్పారు, గోంగూర పచ్చడి మునుపటిలా నూరారు. నాకైతే కాళ్లు నేల మీద ఆగలేదు. మావయ్యగారు, పాకం కుదిరింది అమ్మాయ్ అని, ఇంకాస్త ఎక్కువ కాయడానికి కావలసిన దినుసుల కోసం తెనాలి వెళ్లారు.

సాయంత్రం రైలు దిగి, సంచీ భుజాన వేసుకుని వచ్చారు. వసారాలో ఉన్న అత్తయ్యగారు లేచి, పైట నిండుగా కప్పుకుని, "రండి బాబూ, కూర్చోండి" అన్నారు. ఆ వెంటనే మావయ్యగారి పేరు, ఇంటిపేరుతో సహా, తడుముకోకుండా చెప్పారు. ఆయన ఇంట్లో లేరు, తెనాలి వెళ్లారు, రైలొచ్చే వేళైంది, వచ్చేస్తారు అన్నారు. రోగులతో అలాగే మర్యాదగా మాట్లాడటం ఆవిడకు అలవాటు.

నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. మావయ్యగారు ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, రోగులు కూర్చునే బల్ల మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మందు కోసం వచ్చిన రోగిలాగే అడిగారు.

"ఆయన మందు పనిచేస్తుందాండి?"

"ఎందుకు చెయ్యదండి, ఆయన హస్తవాసి మంచిది. కాస్త ఓపిక పట్టాలంతే. నాకూ ఏదో కాచి ఇస్తున్నారు, పాపం రోజూ ఆ పొయ్యి దగ్గరే." ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించారు. "నాకేమీ గుర్తుండటం లేదండి. ఆయనకి చెప్పకండేం. తెలిస్తే తట్టుకోలేరు."

"చెప్పనమ్మా" అన్నారు మావయ్యగారు.

ఆ మాట నిలబెట్టుకున్నారు. మర్నాటి నుంచి ప్రశ్నలు అడగలేదు. నెయ్యి కాచడం మాత్రం ఆవిడ పోయేదాకా ఆపలేదు, చేదుగా ఉందని ఆవిడ మొహం చిట్లిస్తే, ఎవరో పరాయి ఆడమనిషిని బతిమాలినట్టు అండీ అండీ అంటూ తినిపించేవారు. ఆవిడ వెళ్లిపోయాక పెరట్లో పొయ్యి తనే పడగొట్టారు. ఆ నెయ్యి ఎవరికీ ఇవ్వలేదు, ఎవరైనా అడిగితే అది కుదరలేదండి అనేవారు. అప్పుడు దొరకని మందు ఇప్పటికీ ఎవరికీ దొరకలేదనీ, ఈ డబ్బాలు ఎన్ని వచ్చినా అంతేననీ నాకు తెలుసు.

ఇప్పటి ఆడపిల్లలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంటే నా ఈడువాళ్లు కొందరు మొహం ముడుచుకుంటారు. నేను ముడుచుకోను. వంటింట్లోంచి మా కోడలు మా అబ్బాయిని పేరుతో గట్టిగా కేకేస్తుంది, వాడు ఎక్కడున్నా ఆఁ అంటాడు. అది విన్నప్పుడల్లా నాకు ఆ సాయంత్రం గుర్తొస్తుంది. మావయ్యగారు తన పేరు ఆవిడ నోట జన్మకు ఒక్కసారి విన్నారు, విని కూడా పలకలేకపోయారు.