సింకులో పారిన తెల్లనీళ్లు

కరోనా సద్దుమణిగిన ఏడాది ఎండాకాలంలో, కాకినాడ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నన్ను క్వాలిటీ కంట్రోల్ విభాగానికి సీనియర్ అనలిస్టుగా వేశారు. తయారైన మందు పొడిలో సల్ఫేటు మలినం హద్దు దాటిందో లేదో తేల్చడం మా పని. మేం సరేనంటేనే సరుకు గేటు దాటాలి. కాగితం మీద రూలైతే అదే.

పరీక్ష చెప్పడానికి తేలిక. పొడిని నీళ్లలో కరిగించి, కొంచెం యాసిడ్ కలిపి మరిగించి, వేడి బేరియం క్లోరైడ్ ద్రావణం చుక్కలుగా వేస్తే సల్ఫేటు తెల్లటి మడ్డిగా విడిపోతుంది. దాన్ని వడకట్టి, కాల్చి, చల్లార్చి తూస్తాం. అయితే వడకట్టే ముందు బీకరును వేడినీటి తొట్టిలో కొన్ని గంటలు ఉంచాలి. అప్పుడే సన్నటి రేణువులు లావెక్కి వడపోత కాగితం మీద నిలుస్తాయి. తొందరపడితే కాగితంలోంచి జారిపోతాయి. తూకం తగ్గుతుంది, చెడ్డ సరుకు మంచిదైపోతుంది.

ఒకరోజు ఎగుమతి సరుకు తాలూకు బీకరు ఇంకా తొట్టిలోనే ఉంది. మేనేజరు గారొచ్చి, "ఏంటండీ మాస్టారూ, పాయసం వండుతున్నారా? అవతల పోర్టులో కంటైనర్ ఆగిపోయిందండి" అన్నారు. ఇప్పుడే వడకట్టడం కుదరదన్నాను. ఆయన వాదించలేదు. బీకరు తీసుకెళ్లి సత్యవతి ముందు పెట్టారు. ఆ అమ్మాయి అనలిస్టుగా చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

వద్దమ్మా అన్నాను. "కాదంటే రేపట్నుంచి రావద్దంటారండి. ఇంట్లో నా జీతమే ఆధారమండి" అని తల దించుకుని వడకట్టింది. కిందకు దిగిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. మళ్లీ వడకట్టమన్నాను. మేనేజరు గారు ఆ నీళ్లు అందుకుని సింకులో వంపేసి కుళాయి తిప్పారు. తూకం హద్దు లోపే తేలింది. సత్యవతి సంతకం పెట్టింది.

కొన్నవాళ్లు తమ ల్యాబులో పరీక్షించుకుని, సల్ఫేటు హద్దు దాటిందని సరుకంతా తిప్పి పంపారు. విచారణ కమిటీలో మేనేజరు గారూ ఒకరు. సిగ్గు లేకుండా నా ఎదురుగానే కూర్చున్నారు. చూసింది చూసినట్టు చెప్పాను. "మరి ఆ నీళ్లేవండీ?" అని ఆయనే అడిగారు. సత్యవతిని తొందరపాటు పేరు చెప్పి తీసేశారు. ఆయనకు మరుసటి ఏడు ప్రమోషన్ వచ్చింది. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

రిటైరయ్యేదాకా, నా కింద చేరిన ప్రతివారికీ తూయడం కంటే ముందు ఒకటి నేర్పాను. తూకం తేలి సంతకాలయ్యేదాకా వడకట్టిన నీళ్లు పారబోయకూడదు, ఎవరడిగినా ఆ బీకరు చేతికివ్వకూడదు.